మా అత్తవారింటి చిల్లి బిందె

కిందటి వారం ఒక సాయంత్రం మా మడికొండ ఫ్లాటు బాల్కనీలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే, ఇంటర్మీడియెట్ మొదటి ఏడు చదువుతున్న మా మనవరాలు ఇంగ్లీషు పుస్తకం పట్టుకొని వచ్చి నా పక్కన కూలబడింది. మర్నాడు పరీక్షట, అందులో అల్యూజన్ అంటే ఏమిటో రాయాలట, పుస్తకంలో ఉన్నది ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కడం లేదట, ఫోనును అడిగితే అది ఇంకా పెద్ద పెద్ద మాటలతో చెప్పిందట. ఏళ్ళ తరబడి కాలేజీలో తెలుగు పాఠం చెప్పి రిటైరైన మనిషిని ఇంట్లో పెట్టుకొని ఆ పిల్ల ముందుగా ఫోనును అడగడం నాకు కొంచెం కష్టంగానే తోచింది గానీ, ఆఖరుకైనా నా దగ్గరికి వచ్చింది కదా అని సర్దుకున్నాను.

అందరూ ఎరిగిన ఒక పాత కథను, కథంతా చెప్పకుండా, ఒక్క మాటతో గుర్తుచేసి ఊరుకోవడమే అదంతా అని చెప్పాను. కథ తెలిసినవాడికి ఆ ఒక్క మాట చాలు, మిగతాదంతా వాడి మనసే నింపుకుంటుంది, రాసినవాడికి నాలుగు పేజీల శ్రమ తప్పుతుంది, చదివినవాడికి తనను కూడా తెలిసినవాడి కింద లెక్కేశారని సంతోషం కలుగుతుంది. ఇదంతా నేను తరగతిలో చెప్పీ చెప్పీ అరిగిపోయిన పాఠమే. ఆ పిల్ల మాత్రం పుస్తకం మూసి, మరి కథ తెలియనివాళ్ళ సంగతేమిటి నానమ్మా, వాళ్ళకేమర్థమవుతుంది అని అడిగింది.

నా చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఉండిపోయింది. అన్నేళ్ళ నా ఉద్యోగంలో ఈ ప్రశ్న అడిగిన పిల్లలు చాలా తక్కువ. అడగవలసిన అసలు ప్రశ్న మాత్రం అదే, ఎందుకంటే ఒకప్పుడు ఆ కథ తెలియని మనిషిని నేనే, తెలియక ఒక మధ్యాహ్నం ట్రంకు పెట్టె సర్దుకొని పుట్టింటికి బయలుదేరిన మనిషిని కూడా నేనే. ఆ సంగతి ఆ పిల్లకు చీకటి పడేదాకా చెప్పాను. ఇవన్నీ రాసిపెట్టొచ్చు కదా అన్నది. రాయాలని నాకూ ఎప్పటినుంచో ఉన్నది గానీ, పొద్దున లేస్తే టిఫిను, ముగ్గురి డబ్బాలు, ఆ తర్వాత కూరగాయలు, సాయంత్రానికి మళ్ళీ పొయ్యి, తీరిక ఎక్కడిది తల్లీ అని నవ్వేశాను.

మా పుట్టినిల్లు కేసముద్రం. మా నాన్నకు అక్కడి మార్కెట్ యార్డులో ఆడ్తి దుకాణం ఉండేది, అంటే రైతులు తెచ్చిన వడ్లూ పత్తీ రాసులు పోయించి వేలం పాట పెట్టించే వ్యాపారం, కాబట్టి మా ఇంట్లో మాటలు కూడా యార్డులో పాట పాడినట్లే గట్టిగా, విప్పి, పక్కింటికి వినిపించేలా ఉండేవి. కోపమొస్తే కోపమొచ్చిందనే చెప్పేవాళ్ళం, ఆకలైతే ఆకలైందనే చెప్పేవాళ్ళం, చుట్టాలు మరీ ఎక్కువ రోజులు ఉండిపోతే తిరుగు రైలు ఎన్నింటికో మా అమ్మ వాళ్ళ మొహం మీదే చెప్పేసేది. మాట వెనుక ఇంకొక మాట ఉంటుందని మాకు తెలియదు. అలాంటి ఇంటి నుంచి, డిగ్రీ పరీక్షలు రాసిన ఎండాకాలంలోనే, నన్ను వరంగల్ బజారులో ఇత్తడి సామాను వ్యాపారం చేసే ఇంటికి ఇచ్చారు.

ముందు దుకాణం, వెనుక ఇల్లు. పొద్దున తలుపులు తీసింది మొదలు దీపాలు పెట్టేదాకా టకటకమని ఉలి మీద సుత్తి పడే చప్పుడు వినిపిస్తూనే ఉండేది. మన తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో గిన్నె కొన్నా చెంబు కొన్నా దాని మీద పేరు కొట్టించకుండా ఎవరూ ఇంటికి తీసుకుపోయేవాళ్ళు కాదు. పెళ్ళికూతురి పేరు, ఇచ్చినవాళ్ళ పేరు, చుక్కలు చుక్కలుగా అక్షరాలు. బిందెకైతే పేరు మెడ మీదే కొట్టాలి, అక్కడ రేకు మందంగా ఉంటుంది, పొట్ట మీద పల్చన. ఈ సంగతి మా అత్తవారింట్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. కొత్తగా వచ్చిన నాకు కూడా వారం తిరగకముందే తెలిసింది, ఎవరూ చెప్పకుండానే, చూస్తూ చూస్తూ.

చూస్తూ తెలియనివి వేరే ఉన్నాయి. ఆ ఇంట్లో ఎవరూ మాట పూర్తిగా చెప్పరు. సగం చెప్తారు, అందరూ నవ్వుతారు, లేదా అందరూ ఒక్కసారిగా గంభీరమైపోతారు, పని మాత్రం జరిగిపోతుంది. పెళ్ళైన కొత్తలో ఒకనాడు మా మామయ్య, ఆయన తమ్ముడు దుకాణం పైకప్పు మార్చే విషయమై పొద్దుటినుంచి వాదించుకుంటుంటే, లోపలినుంచి మా అత్తమ్మ మజ్జిగ గ్లాసులు పట్టుకొచ్చి, నర్సంపేట బండి అయితాంది అని మాత్రం అని వెళ్ళిపోయింది, అంతే, ఇద్దరూ సిగ్గుపడినట్లు నవ్వి వాదన ఆపేశారు. బండి ఎక్కడున్నదా అని నేను వాకిట్లోకి వెళ్ళి చూసొచ్చాను.

ఆ బండి కథ నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. వెనకటికి ఆ ఇంటి పెద్దలు సంబంధం మాట్లాడటానికి ఎడ్లబండి కట్టుకొని నర్సంపేట బయలుదేరారట. దారిలో చద్ది తినడానికి ఒకచోట ఎడ్లను విప్పారు. పిల్లవాడికి ఏం పెట్టాలి, పిల్లకు ఏం తేవాలి అని అక్కడ మొదలైన వాదన తినేటప్పుడూ ఆగలేదు, మళ్ళీ బండి కట్టేటప్పుడూ ఆగలేదు, ఆ ఊపులో ఎడ్లను ఎటువైపు మొహం పెట్టి కట్టారో ఎవరూ చూసుకోలేదు. వాదించుకుంటూ వాదించుకుంటూ సాయంత్రానికి ఒక ఇంటి ముందు దిగారు. కాళ్ళకు నీళ్ళు పట్టుకొని ఎదురొచ్చిన ఆడమనిషిని చూసి వియ్యపురాలే అనుకొని నమస్కారం పెట్టబోయిన పెద్దమనిషికి ఆమె తన సొంత భార్య అని తెలిసేసరికి కొంచెంసేపు పట్టిందట. ఎంత మాట్లాడినా మొదటికే వచ్చే వాదనకు ఆ ఇంట్లో ఆనాటినుంచి నర్సంపేట బండి అని పేరు. ఇలాంటివి ఆ ఇంట్లో కోకొల్లలు, నాకు మాత్రం ఒక్కటీ తెలియదు. పోనీ మావారిని అడుగుదామంటే, పుట్టినప్పటినుంచి ఆ మాటల మధ్యే పెరిగిన మనిషికి అందులో చెప్పడానికి ఏముందో అర్థమయ్యేది కాదు.

అందరూ నవ్వుతున్నప్పుడు తెలియక నేను కూడా నవ్వేదాన్ని. అంతకంటే ఒంటరితనం ఇంకొకటి ఉండదని ఇప్పటికీ అనిపిస్తుంది. పోనుపోను నవ్వులన్నీ నామీదేనేమో అని అనుమానం కూడా మొదలైంది.

ఇలా ఉండగా నా డిగ్రీ ఫలితాలు వచ్చాయి, ఆ వెనుకే హనుమకొండలో యూనివర్సిటీలో ఎం.ఏ. తెలుగుకు సీటు వచ్చింది. ఆ సీటు కోసం నేను ఎంత ఆశపడ్డానో చెప్తే ఈనాటి పిల్లలు నవ్వుతారు. మా ఊళ్ళో నా ఈడు ఆడపిల్లల్లో అంతదాకా చదివినవాళ్ళు లేరు, అంతకంటే ముఖ్యంగా, పుస్తకం ముందు కూర్చున్నప్పుడు మాత్రమే నేను నాలాగా ఉన్నాననిపించేది. కానీ క్లాసులు పగటిపూట. ఇంట్లో చూస్తే ఉమ్మడి కాపురం, వచ్చేపోయే చుట్టాలు, దుకాణంలో పనిచేసేవాళ్ళకు కూడా మధ్యాహ్నం అన్నం మా వంటింటినుంచే. నేను పొద్దున పోయి సాయంత్రం వస్తానంటే ఆ పనంతా మా అత్తమ్మ మీదా, పెద్ద యారాలి మీదా పడుతుంది. యారాలంటే మా బావగారి భార్య. చేరడానికి గడువు దగ్గర పడుతున్నది. మావారు అడుగుతానంటాడు, అడగడు. చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక అందరూ నడిమింట్లో కూర్చున్నప్పుడు, గొంతు సవరించుకొని అడిగేశాడు.

మొదట మాట్లాడింది మా మామయ్య అక్కగారు, ఆనాడు చుట్టపుచూపుగా వచ్చి ఉన్నది. కొత్త కోడలు కాలేజీకి పోతే బజారు ఏమనుకుంటుంది, దుకాణం వాళ్ళకు చదువులెందుకు, డిగ్రీ చాలదా అని ఒకటి తర్వాత ఒకటి మొదలుపెట్టింది. నేను వంటింటి గడప దగ్గర నిలబడి కొంగు వేలికి చుట్టుకుంటూ మా అత్తమ్మ మొహమే చూస్తున్నాను. ఆమె తక్కువ మాట్లాడే మనిషి, నవ్వడం ఇంకా తక్కువ, నా పనిలో తప్పులెన్నకపోయినా మెచ్చుకున్నదీ లేదు. వక్క నములుతూ అంతా విని, లేస్తూ లేస్తూ ఒక్క మాటన్నది.

"రేపటి సంది దానికి చిల్లి బిందె ఇయ్యుండ్రి."

నడిమిల్లంతా గొల్లుమన్నది. మామయ్య మీసాల్లో నవ్వుకున్నాడు. యారాలు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. అప్పటిదాకా గుక్క తిప్పుకోకుండా మాట్లాడిన మా మామయ్య అక్కగారు మూతి ముడుచుకొని పక్కకు తిరిగి కూర్చున్నది. అన్నిటికంటే నా ప్రాణం తీసింది ఏమిటంటే, మావారు నా వైపు చూసి పళ్ళన్నీ కనపడేలా నవ్వి, చెప్పులు వేసుకొని హుషారుగా బయటికి వెళ్ళిపోయాడు.

చిల్లి బిందె! చిల్లి పడ్డ బిందెలో నీళ్ళు ఎంత నిలుస్తాయో నా చదువూ అంతే, నాకు ఎంత చేసినా వృథాయే, ఇదే కదా దాని అర్థం. ఇంకేమర్థం ఉంటుంది? చదువు వద్దంటే వద్దని చెప్పొచ్చు, మా అమ్మయితే అట్లాగే చెప్పేది, నేనూ ఏడ్చి ఊరుకునేదాన్ని. ఇంతమందిలో చిల్లి బిందెతో పోల్చి నవ్వడమెందుకు, కట్టుకున్నవాడు కూడా వాళ్ళతో కలిసి నవ్వడమెందుకు? గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసి, ట్రంకు పెట్టెలో చేతికందిన చీరలన్నీ కుక్కాను. కేసముద్రం వైపు పోయే ప్యాసింజరు ఉన్నది, దాన్ని అందుకుంటే దీపాల వేళకు మా అమ్మ దగ్గర ఉండొచ్చు. మళ్ళీ వస్తానా రానా అన్నది ఆలోచించలేదు. రాకూడదనే అనుకున్నానేమో కూడా.

కానీ ఆ ఇంట్లో ఒక మనిషికి చెప్పకుండా పోవడానికి నాకు కాళ్ళు రాలేదు. ఆమె మావారి బాపమ్మ, అంటే మా మామయ్య తల్లి. చూపు దాదాపు పోయింది, వెనుక వరండాలో నులక మంచం మీద కూర్చుని రోజంతా ఏదో ఒక పని చేతికి తెచ్చుకుంటూ ఉండేది. తోమిన గిన్నెలన్నీ ఆమె ముందు పోస్తే, ఒక్కొక్కదాని మీద వేళ్ళు ఆడించి, పేరు చదివి, ఇది పెద్ద కోడలిది, ఇది చిన్నోనిది అని వేరుచేసి పెట్టేది. నాకు మాత్రం అప్పుడప్పుడు నా పేరున్న చెంబు వెతికి తీసి చేతిలో పెట్టి, ఇగో నీదే అనేది. ఆ ఇంట్లో నేను నవ్వవలసిన అవసరం లేకుండా కూర్చోగలిగింది ఆమె దగ్గరే.

వెళ్ళి కాళ్ళకు దండం పెట్టాను. ఆమె చెయ్యి నా భుజం మీద పడి, అక్కడినుంచి చీర అంచు మీదికి జారింది. ఇంట్లో కట్టుకునే నూలు చీర కాదని వేళ్ళకే తెలిసిపోయింది. "యాడికి పోతానవ్ బిడ్డా, చీర మార్చినవ్?" అన్నది. ఇక నావల్ల కాలేదు. మంచం పట్టె పట్టుకొని కింద కూలబడి, ఏడుస్తూ, జరిగింది జరిగినట్లు చెప్పేశాను. అత్తమ్మ అన్న మాట చెప్పేసరికి ఆమె కూడా నవ్వింది. ఈమె కూడానా అని నేను లేవబోతే నా మణికట్టు గట్టిగా పట్టుకున్నది.

"ఆ బిందె ముచ్చట నీకు ఎవలన్న చెప్పిండ్రా?"

ఎవరూ చెప్పలేదన్నాను.

"అగో, చెప్పకపోతే నీకెట్ల ఎర్కైతది! కూసో. ఆ చిల్లి బిందె నాదే."

ఆ తర్వాత ఆమె చెప్పిన కథ ఇది. బాపమ్మ ఆ ఇంటికి కోడలుగా వచ్చినప్పుడు ఊహ తెలిసీ తెలియని వయసు. నీళ్ళు తేవాలంటే సందు చివర చేదబావి, ఆ ఇంటికంతటికీ నీళ్ళు మోయవలసింది కొత్త కోడలే, పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాకా తోడుడూ మోసుడే. అత్తగారు చెడ్డదేమీ కాదు, తను కూడా కోడలిగా అట్లాగే మోసింది కాబట్టి కోడళ్ళంటే మోయాలనే అనుకునేది. బాపమ్మకు ఒక్క కోరిక ఉండేది, చదవడం నేర్చుకోవాలని. బిందె చంకన పెట్టుకొని దుకాణం మీదుగా పోతూ, మామగారు గిన్నెల మీద చుక్కలు కొడుతుంటే ఒక్క నిమిషం నిలబడి చూసేదట. ఆ చుక్కలు మనిషి పేరెట్లా అవుతాయో తెలుసుకోవాలని ఆమె ప్రాణం కొట్టుకునేదట. లోపలినుంచి అత్తగారి కేక వినిపించగానే పరుగు తీసేది.

మామగారు ఇదంతా చూశాడు. ఆ రోజుల్లో కోడలి తరఫున మామ మాట్లాడితే భార్యకు చిన్నతనం, ఇంట్లో పోరు. అందుకని ఆయన ఏమీ మాట్లాడలేదు. మూఢం మొదలైన రోజు చూసుకొని, కోడలి పేరు కొట్టాలని చెప్పి నీళ్ళ బిందె అడిగి తీసుకున్నాడు. బజారులోకెల్లా చేయి తిరిగిన మనిషి, కొన్ని వేల గిన్నెల మీద పేర్లు కొట్టినవాడు, ఆనాడు మెడ వదిలేసి పొట్ట మీద ఉలి పెట్టాడు. మొదటి అక్షరం పడింది, రెండోదానికి బిందెకు చిల్లి పడింది.

మూఢంలో కొత్త సామాను ఇంట్లోకి రాకూడదు, చిల్లికి మాటు వేయించకూడదు, అమ్మకానికి పెట్టిన బిందెను ఇంటికి వాడకూడదు. ఈ కట్టుబాట్లన్నీ అత్తగారికే అందరికంటే ఎక్కువ పట్టింపు. చేసేదేమీ లేక నీళ్ళు మోయడానికి కావడి మనిషిని పెట్టారు. మూఢం వెళ్ళేదాకా బాపమ్మ నీళ్ళకు పోలేదు. ఆ పొద్దంతా దుకాణం వెనుక గడప మీద కూర్చొని, మామగారు కొట్టే పేర్లు చూస్తూ, బొగ్గుముక్కతో నేల మీద చుక్కలు పెడుతూ చదవడం నేర్చుకున్నది. మూఢం వెళ్ళిపోయింది, కావడి మనిషి మాత్రం మళ్ళీ మానలేదు. ఇందులో బాపమ్మకు అన్నిటికంటే ఇష్టమైన ముక్క ఏమిటంటే, అత్తగారికి కూడా మొదటిరోజే తెలుసట. ఇత్తడి సామాను ఇంటి ఆడమనిషికి పొట్ట మీద పేరు కొట్టరని తెలియదా? బిందెను రెండు చేతుల్లో తిప్పి చిల్లి చూసి, భర్త మొహం చూసి, ఏమీ అనకుండా అటక మీద పెట్టించిందట.

అప్పటినుంచి ఆ ఇంట్లో చిల్లి బిందె ఇవ్వడమంటే, ఒక కోడలి మీది పని దించి ఆమె మనసుపడిన పని ఆమెను చేసుకోనివ్వడం. ఆ మాట ఇంటి పెత్తనం చేసే ఆడమనిషే అనాలి, ఒకసారి అన్న తర్వాత దాని మీద ఎవరూ మాట్లాడటానికి లేదు, ఆడబిడ్డలైనా సరే. మా అత్తమ్మ తొలి కాన్పు తర్వాత మంచాన పడితే బాపమ్మ ఆమెకు ఇచ్చింది. కుట్టు మిషను నేర్చుకుంటానన్నప్పుడు అత్తమ్మ యారాలికి ఇచ్చింది. ఇప్పుడు నాకు ఇచ్చింది. నలుగురిలో, మామయ్య అక్కగారి నోరు మూతపడేలా ఇచ్చింది. నా చదువుకు అంతకంటే గట్టి అనుమతి ఆ ఇంట్లో ఇంకొకటి లేదు.

హమ్మయ్య అనే మాటకు అర్థం నాకు ఆ మంచం పక్కనే తెలిసింది. ఏడుస్తూనే నవ్వుతున్నాను, బాపమ్మ నా మొహం తడిమి, నవ్వుతానవా ఏడుస్తానవా బిడ్డా, నాకు కనవడది, చెప్పు అంటున్నది. ఆనాడు నవ్వాను చూడండి, ఆ ఇంట్లో అది నా మొదటి నవ్వు. అంతకుముందు నవ్వినవన్నీ అప్పు తెచ్చుకున్నవే.

అంతలో మావారు రానే వచ్చాడు, చేతిలో నా కొలతకు కొత్త చెప్పుల జత. బస్టాండు దాకా రోజూ నడవాలి కదా అని కొనుక్కొచ్చాడట, అందుకట ఆ హుషారు! సర్దిన ట్రంకు పెట్టె చూసి, చదువుకు హాస్టలుకు పోతున్నావా ఏమిటని అడిగాడు పాపం. బాపమ్మ అతన్నీ, అత్తమ్మనూ పిలిచి ఎదురుగా నిలబెట్టి, గొంతు పెంచకుండానే దులిపేసింది. "కథ చెప్పకుంట మాట చెప్తరా? పరాయింటి పిల్లకు ఏం ఎర్కుంటది?" అన్నది. అత్తమ్మ లోపలికి వెళ్ళింది. కొంచెంసేపటికి అటక మీద చప్పుడైంది. చీర కుచ్చిళ్ళు దోపుకొని, బూజు పట్టిన ఒక పాత బిందె దించి, చింతపండు పెట్టి తానే తోమి, తెచ్చి నా ముందు పెట్టి వెళ్ళిపోయింది. పొట్ట మీద ఒకే ఒక్క అక్షరం, దాని పక్కన నా చిటికెన వేలు పట్టేంత చిల్లి. వేలు అందులో పెట్టి చూశాను. మా అత్తమ్మ నాకు అంతకంటే వేరే క్షమాపణ చెప్పుకోవలసిన పని లేదు.

ఎం.ఏ.లో చేరిన కొద్దిరోజులకే మా లెక్చరరు గారు ఈ పాఠమే చెప్పారు. కవి పాతకథను ఎట్లా ఒక్క మాటలో సూచిస్తాడో నిర్వచనాలతో సహా వివరిస్తుంటే క్లాసంతా గబగబా రాసుకుంటున్నది, నేను మాత్రం కలం పక్కన పెట్టి కూర్చున్నాను, వేలికి ఇంకా ఆ బిందె చిల్లి తగులుతున్నట్లే ఉన్నది. తర్వాత నేనే పాఠం చెప్పే రోజులు వచ్చినప్పుడు నిర్వచనం ఎప్పుడూ ముందు చెప్పలేదు. మీ ఇంట్లోవాళ్ళకు తప్ప ఇంకెవరికీ అర్థంకాని మాట ఒకటి రేపు పట్టుకురండి అనేదాన్ని. ఏమేమి తెచ్చేవాళ్ళో! ఒక పల్లెటూరి పిల్ల, మా ఇంట్లో గేటు కాడ వాన అంటారు మేడం అన్నది. వాళ్ళ తాత ఒక ఏడు తన పత్తికి వచ్చేంత ధర ఎవరికీ రాదని దారి పొడుగునా చెప్పుకుంటూ పోతే, సరిగ్గా మార్కెట్ యార్డు గేటు దగ్గర బండి మీద వాన కురిసిందట. ఇక ఆ ఇంట్లో ఎవరైనా ముందే గొప్పలు మొదలుపెడితే ఆ మాటొక్కటి చాలు. ఆ పిల్ల కథ చెప్పిన తర్వాత క్లాసులో అందరం ఏడాదంతా ఆ మాట వాడుకున్నాం, ఆ తాతను ఎవరమూ చూడకపోయినా. అప్పుడు చెప్పేదాన్ని, చూశారా, ఇప్పుడు మీరంతా ఆ ఇంటివాళ్ళే అని.

తర్వాత ఏమైందో మీకూ తెలుసు, మీ ఇళ్ళల్లోనూ అదే అయ్యుంటుంది. బాపమ్మ పోయింది. స్టీలు వచ్చింది, ఇత్తడి అడుగంటింది, దుకాణంలో ఇప్పుడు మా మరిది కొడుకు మిక్సీలు, ప్లాస్టిక్ డబ్బాలు అమ్ముతున్నాడు. ఇల్లు పంచుకున్నప్పుడు పాత సామానంతా తూకానికి వేస్తే అందులో ఆ బిందె కూడా పోయిందని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. ఎవరిని అనగలం, చిల్లి బిందెను ఎవరు దాచుకుంటారు, కథ తెలిస్తే తప్ప? మా వాళ్ళందరిదీ ఫోనులో ఒక గ్రూపు ఉన్నది. స్థలం అమ్మకం గురించి అందులో వాళ్ళు అంతులేకుండా వాదించుకుంటుంటే ఒకసారి నర్సంపేట బండి అని రాశాను. నా ఈడువాళ్ళు ఇద్దరు నవ్వు బొమ్మలు పెట్టారు. పిల్లలు, నర్సంపేటకు బస్సులుంటాయి కదా ఆంటీ, బండెందుకు అని అడిగారు. ఆ రోజు నిజంగానే దిగులేసింది, ఇక ఈ మాటలు నాతోనే ఆఖరని.

ఇప్పుడు నిన్నటి ఆదివారం సంగతి చెప్పాలి. మా కోడలిది నర్సంపేట దగ్గర పల్లెటూరు, ఇక్కడే మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగం. పైమెట్టు ఉద్యోగానికి ఏదో పరీక్ష ఉన్నది, ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని రాయాలి, నెలలుగా వంట చేస్తూ కూడా చెవుల్లో ఆ పాఠాలే వింటున్నది. సరిగ్గా ఆ పరీక్ష పూటే మావాడి పెదనాన్న పిల్లలు కుటుంబాలతో కొత్త ఫ్లాటు చూడటానికి భోజనానికి వస్తున్నామని ఫోను చేశారు. రావద్దనలేక, పరీక్ష వదులుకోలేక, కోడలు ఒక చేత్తో బియ్యం కడుగుతూ గడియారం చూస్తున్నది. నేనున్నాను కదా నువ్వు పో అంటే మోకాళ్ళ నొప్పులతో మీరెట్లా చేస్తారంటుంది. మావాడు సోఫాలో పేపరు చదువుకుంటున్నాడు. వాడిని ఏమనాలో నేను ఆలోచిస్తుండగానే మనవరాలు వంటింటి గడప దగ్గర నిలబడి అన్నది.

"నాన్నా, ఇయ్యాల అమ్మకు చిల్లి బిందె."

మావాడి చేతిలో పేపరు కిందికి దిగింది. చిన్నప్పుడు వాళ్ళ నానమ్మ, అంటే మా అత్తమ్మ నోట విన్న మాట, ఎన్నేళ్ళయిందో విని. వాడు కూతురి వైపు, నా వైపు చూశాడు, మొహమంతా నవ్వు, లేచి లుంగీ ఎగగట్టి వంటింట్లోకి వచ్చి పెళ్ళాం చేతిలోంచి బియ్యం గిన్నె లాక్కున్నాడు. తండ్రీ కూతుళ్ళిద్దరూ పగలబడి నవ్వుతున్నారు.

నేను కోడలి మొహం చూశాను. తనమీదేనా నవ్వుతున్నారని చూసే ఆ చూపు, సగం వచ్చి ఆగిపోయిన ఆ నవ్వు, అది ఎవరి మొహమో నాకు తెలుసు. ఆనాడు నాకు ఆ కథ అందడానికి ఒక పూట పట్టింది, ఆ పూటలో ఒక కాపురం రైలెక్కిపోయేది. చెయ్యి పట్టుకొని కోడలిని కుర్చీలో కూర్చోబెట్టి, పొయ్యి మీద పాలు పొంగుతున్నా సరే, బిందె కథ మొదటినుంచి చివరిదాకా చెప్పాను. వింటూ వింటూ ఆమె కళ్ళు తుడుచుకున్నది. తర్వాత గదిలోకి వెళ్ళి తలుపు వేసుకొని పరీక్ష రాసింది. వచ్చిన చుట్టాలకు ఆ పూట మావాడు వండిన పప్పులో ఉప్పు ఎక్కువైంది, ఎవరూ ఏమీ అనలేదు.

సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక అలవాటుకొద్దీ నేను రేపటి టిఫినుకు పప్పు నానబెట్టబోతుంటే కోడలు వచ్చి గిన్నె నా చేతిలోంచి తీసుకున్నది. కొంచెం సిగ్గుపడుతూ, సరిగ్గానే అంటున్నానా లేదా అన్నట్లు నా మొహం చూస్తూ, "అత్తమ్మా, రేపు మీకు చిల్లి బిందె" అన్నది. మనవరాలు కాగితాలూ కలమూ తెచ్చి నా మంచం మీద పెట్టింది. ఇది ఈ పొద్దున బాల్కనీలో కూర్చుని రాస్తున్నాను, లోపల వంటింట్లో ఏమవుతున్నదో నాకు తెలియదు.

మా పాత ఇంట్లో ఇట్లా ఎన్నడూ జరగలేదు. ఆ మాట పెద్దవాళ్ళే అనాలి, చిన్నవాళ్ళకే దొరకాలి, కోడలు అత్తతో అనడానికి లేదు. బాపమ్మకు చూపు తగ్గాక ఇంటి పెత్తనం మా అత్తమ్మదే అయింది, యారాలికీ నాకూ మా తర్వాత వచ్చినవాళ్ళకూ ఆ మాట చెప్పి చెప్పి పనులన్నీ తన మీద వేసుకున్నది. మేము చదువుకున్నాం, కుట్టుకున్నాం, ఉద్యోగాలు చేశాం. ఆమెకు కూడా ఏదో ఒక పని మీద మనసు ఉండే ఉంటుంది కదా, అదేమిటో ఆ ఇంట్లో ఎవరికీ తెలియకుండానే పోయింది. బాపమ్మ పోయాక, ఆమెకు ఆ మాట చెప్పడానికి ఆమె కంటే పెద్దవాళ్ళు ఎవరూ మిగల్లేదు.